పన్నెండోది

జనవరి 6, సోమవారం

పట్టాభి సార్ సిద్ధాంతంలో తప్పుంది.

కాగితం మీద పెడితే అబద్ధమని తేలుతుందేమోనని రాశాను. తేలలేదు. కోచింగ్ సెంటర్ వాళ్ళు కొత్త సంవత్సరానికి స్టాఫ్ అందరికీ ఇచ్చిన డైరీ ఇది. మొదటి నాలుగు పేజీలూ ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలే. ఇందులో నేనేం రాస్తానులే అని ఐదు రోజులు పక్కన పడేశాను.

ముప్పై ఆరేళ్ళ కింద అచ్చయిన పేపర్ అది. లీ ఆల్జీబ్రా అనే ఒక గణిత నిర్మాణంలో ఇమిడే పెద్ద ఉపనిర్మాణాలు, సబ్ ఆల్జీబ్రాలు, పదకొండు రకాలే, పన్నెండోది లేదు అని సార్ నిరూపించారు. నా థీసిస్ మొత్తం ఆ పదకొండు మీదే నిలబడింది. పద్నాలుగో పేజీలో, అడ్డొచ్చిన ఒక పదాన్ని వదిలించుకోవడానికి సార్ λ − 1 తో భాగించారు. λ ఒకటి కాదని రెండో లెమ్మా అనే చిన్న ఉపసిద్ధాంతంలో ముందే చూపించాం కాబట్టి పర్వాలేదన్నారు. ఆ రెండో లెమ్మా అన్ని సందర్భాలకీ వర్తించదు. ఒక్క సందర్భంలో λ ఒకటి కావచ్చు. అప్పుడు సున్నాతో భాగించినట్టే. ఆ పదం ఎక్కడికీ పోదు, పన్నెండోది అక్కడే ఉంది.

పొద్దున్నే ఇంటర్ పిల్లలకి ఇదే పాఠం చెప్పి వచ్చాను. సున్నా కాదని తేలందే రెండు వైపులా దేన్నీ కొట్టేయొద్దని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

సార్ అలాంటి తప్పు చెయ్యరు. నేనే ఎక్కడో జారుంటాను. రేపు మళ్ళీ చూస్తాను.

జనవరి 7

చూశాను. ఉంది.

జనవరి 8, బుధవారం

అమ్మ కనిపెట్టేసింది. చిక్కుడుకాయలు తుంచుతూ నన్నే చూస్తోంది.

"ఏందే, అన్నం ముందట పెట్టుకొని గట్ల కూసున్నవ్?"

"సారు ఒక లిస్టు రాసిండమ్మా. గండ్ల ఒకటి తప్పిపోయింది."

"దేని లిస్టు?"

ఎట్ల చెప్పాలి? ఒక పెద్ద ఇల్లుందనుకో, గా ఇంట్ల సగం కన్న పెద్దగుండే గదులు ఎన్ని రకాలుగ కట్టొచ్చో లెక్క రాసిండు అన్నాను. సరిగ్గా అది కాదు కానీ మరీ అబద్ధం కూడా కాదు.

"సగం కన్న పెద్ద గదా! గసొంటి ఇల్లు మనకు కిరాయికి దొరుకుతదా?" అని నవ్వింది. తర్వాత చిక్కుళ్ళు పక్కన పెట్టి, తను దవాఖానలో ఆయాగా చేసినప్పటి సంగతి ఎత్తింది. వార్డులో ఎందరికి అన్నం కావాలో లెక్క చెప్పడం అమ్మ పని. ఒకరోజు వరండాలో మంచం వేసిన మనిషిని లెక్కలో మరిచిపోయింది. ఆ మధ్యాహ్నం ఆయనకి అన్నం రాలేదు.

"నేనే పోయి సిస్టరమ్మకు చెప్పిన. మస్తు తిట్టింది. తిట్టి, అన్నం తెప్పిచ్చింది. నువ్వు గూడ చెప్పు పో. గింత దానికి అన్నం మానేస్తరా ఎవరన్న?"

శనివారం ఎలాగూ సైదాబాద్‌లో సార్ ఇంటికి వెళ్తాను. చెప్తాను.

జనవరి 11, శనివారం

చెప్పలేదు.

సార్ బాగా చిక్కిపోయారు. పొట్ట మాత్రం నీరుతో ఉబ్బి ఉంది. నవంబర్‌లో లివర్ పాడైందని తేలినప్పుడు డాక్టరు సార్ భార్యని, సూర్యప్రభ ఆంటీని, పక్కకి పిలిచి చెప్పాడట, లివర్ చెయ్యాల్సిన పని చెయ్యకపోతే ఆ విషం మెదడుకి ఎక్కుతుంది, మనిషి తికమకపడటం మొదలైతే వెంటనే తీసుకురండి అని. పక్కకి పిలిచి చెప్పినా సార్ విన్నారు. ఆయన చెవులు పాముచెవులు.

అప్పట్నించీ ఇంట్లో రోజూ ఒక పరీక్ష. పొద్దున కాఫీ కాగానే ఆంటీ చేతిలో ఒక కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చుంటారు. సార్ కళ్ళు మూసుకుని పదకొండు రకాలనూ వరసగా అప్పజెప్తారు. ఆంటీకి ఒక్క ముక్క అర్థం కాదు, కానీ గుర్తులు పోల్చుకుంటూ ఒక్కోదానికీ టిక్కు పెడతారు. పదకొండు టిక్కులు పడితే బుర్ర బాగున్నట్టు. ఇవాళ నేను వెళ్ళేసరికి అదే జరుగుతోంది. పదకొండోది అయ్యాక సార్ ఆగారు. ఇంకేదో అనబోయారు. నన్ను చూసి ఊరుకున్నారు.

"ఎన్ని పడ్డాయి సూర్యా?"

"పదకొండూ పడ్డాయండీ."

"హమ్మయ్య. ఇంకా మనుషుల్లోనే ఉన్నాను. రా అమ్మాయ్, మూడో అధ్యాయం ఎక్కడిదాకా వచ్చింది?"

ఆ కాగితం మీద టిక్కులు చూస్తూ, పన్నెండోది ఒకటి ఉంది సార్ అని ఎలా చెప్పను? ఆయన ఆరోగ్యం ముఖ్యం. కాస్త కోలుకోనీ.

ఈయన నాకు యూనివర్సిటీ గైడ్ కూడా కాదు. రిజిస్టర్లో గైడ్ వెంకటేశ్వరరావు గారు, ఏడాదికి రెండుసార్లు సంతకం పెడతారు. పట్టాభి సార్ రిటైరయ్యాక మా సెంటర్‌కి మోడల్ పేపర్లు దిద్దడానికి వచ్చేవారు. నా చిత్తు కాగితం ఒకటి స్టాఫ్ రూమ్‌లో ఆయన కంట పడింది. "నువ్విక్కడేం చేస్తున్నావమ్మాయ్?" అన్నారు. "జీతం తీసుకుంటున్నాను సార్" అన్నాను. ఆయన పగలబడి నవ్వి, శనివారం ఇంటికి రమ్మన్నారు. ఆరేళ్ళ నించి ప్రతి శనివారం వెళ్తూనే ఉన్నాను. నాకు నాన్న గుర్తు లేడు. గుర్తుంటే ఇంత ప్రేమ ఉండేదో లేదో.

జనవరి 19, ఆదివారం

చర్చిలో పాస్టర్ గారు ఏం చెప్పారో ఒక్క మాట ఎక్కలేదు. రోగంతో ఉన్నవాళ్ళని నొప్పించకపోవడం కూడా ప్రేమే కదా. అంతే. నేను చేస్తున్నది అదే.

జనవరి 25, శనివారం

సార్ ఇవాళ హుషారుగా ఉన్నారు. ఆ పేపర్ రాసిన ఎండాకాలం సంగతి చెప్పారు. అప్పట్లో నల్లగొండలో ఉద్యోగం. కరెంటు ఉండేది కాదు, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని లెక్క చేసేవారట. పదకొండోది పూర్తయిన రోజు ఆంటీని సైకిల్ మీద ఎక్కించుకుని ఐస్‌క్రీమ్ తినిపించారట. "ఆవిడ అడిగింది, దేనికండీ ఈ ఐస్‌క్రీమ్ అని. ఇంక లేవు సూర్యా, అందుకని, అన్నాను."

ఆంటీ సిగ్గుపడ్డారు. డెబ్బై ఏళ్ళ మనిషి సిగ్గుపడితే ఎంత బాగుంటుందో.

"నేనీ లోకంలోకి వచ్చి చేసింది ఇదొక్కటే అమ్మాయ్" అన్నారు సార్. నేనింక నోరు తెరవలేదు.

ఫిబ్రవరి 3, సోమవారం

మార్చి 31 ఆఖరు తేదీ. మళ్ళీ గడువు పొడిగించరని యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. పీహెచ్‌డీ చేతికొస్తే డిగ్రీ కాలేజీ పోస్టుకి అప్లై చేయొచ్చు, ఈ ర్యాంకుల గోల వదిలిపోతుంది. పదకొండు కాకపోతే మూడు, నాలుగు అధ్యాయాలు రెండూ పోతాయి. మళ్ళీ కట్టాలంటే తక్కువలో తక్కువ రెండేళ్ళు.

దానికీ దీనికీ సంబంధం లేదు. ఊరికే రాశాను.

ఫిబ్రవరి 4

మూడో అధ్యాయం టైపు మొదలుపెట్టాను. "పట్టాభి సిద్ధాంతం ప్రకారం పదకొండు రకాలు మాత్రమే ఉన్నాయి." సార్ కోలుకున్నాక మార్చుకోవచ్చు.

ఫిబ్రవరి 8, శనివారం

ఇవాళ సార్ అడిగారు.

గురువారం ఆస్పత్రిలో పొట్టలో నీరు తీయించుకుని వచ్చారు. గొంతు బలహీనంగా ఉంది. ఆంటీ మందులకని కిందికి వెళ్ళారు. సార్ చేతిలో మడత పెట్టిన కాగితం ఏదో ఉంది. నాకు చూపించలేదు.

"అమ్మాయ్, పద్నాలుగో పేజీ ఎప్పుడైనా వివరంగా చూశావా? నేను భాగించిన చోటు. అక్కడ రెండో లెమ్మా సరిగ్గా అతుకుతుందా?"

ఆయన్ని చూస్తే కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"చూశాను సార్. అతుకుతుంది."

"ఎప్పుడు చూశావు?"

"జనవరిలో. రెండుసార్లు చూశాను."

"λ ఒకటైతే?"

"కాదు సార్. లెమ్మా చెప్తోంది కదా."

"నువ్వే చేసి చూశావా, నా మాట మీద నమ్మేశావా?"

"నేనే చేశాను సార్."

సార్ చాలాసేపు నన్ను చూశారు. తర్వాత ఆ కాగితాన్ని ఇంకో మడత పెట్టి, ఇంకో మడత పెట్టి, తలగడ కిందికి తోశారు. మంచినీళ్ళు అడిగారు. ఇవాళ ఏ వారం అని అడిగారు. శనివారం అన్నాను. అవును, నువ్వొచ్చావు కదా అన్నారు.

ఆయన మొహం తేలికపడింది. ఎప్పట్నించో మనసులో ఉన్న చిన్న అనుమానం కాబోలు, ఇవాళ్టితో తీరిపోయింది. ఒక్క మాటతో మనిషికి నిశ్చింత ఇవ్వగలిగితే ఇవ్వకుండా ఎలా ఉంటాం? మంచిపనే చేశాను.

ఫిబ్రవరి 9

ఆయన మొహం తేలికపడింది.

ఫిబ్రవరి 15, శనివారం

సార్ నిద్రలో ఉన్నారు. గంటన్నర కూర్చుని వచ్చాను. పొద్దుటి పరీక్ష మానేశారని ఆంటీ చెప్పారు. "కాగితం పట్టుకుని కూర్చుంటే, ఇంకెందుకులే సూర్యా అన్నారు." మందుల మత్తు అయ్యుంటుంది ఆంటీ అన్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

మూడో అధ్యాయం అయిపోయింది. నలభై ఒక్క పేజీలు. సార్‌కి చూపిద్దామని తీసుకెళ్ళాను. మొదటి పేజీ చేతిలో పట్టుకుని, "నువ్వు చూసుకున్నావుగా, చాలమ్మా" అని తిరిగి ఇచ్చేశారు. ఆరేళ్ళలో ఒక్క కామా కూడా వదలని మనిషి.

ఎల్బీనగర్‌లో మెట్రో దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ గడపలోనే ఉంది.

"సారుకు చెప్పినవా, గా తప్పిపోయినదాని గురించి?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"సంతోషపడ్డడు."

"సూసినవా! ఉత్తగనే పరేషాన్ అయినవ్" అని అమ్మ లోపలికి వెళ్ళింది. పాలకూర పప్పు నా కోసం విడిగా పోపు వేసింది. తినబుద్ధి కాలేదు, తిన్నాను.

మార్చి 1, శనివారం

రాయబుద్ధి కావట్లేదు. అయినా రాయాలి.

మధ్యాహ్నం వెళ్ళాను. సార్ పడుకుని ఉన్నారు. ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"జోస్నా, నీకో మాట చెప్పాలి. ఎవరికి చెప్పుకోవాలో తెలీట్లేదు. మీ సార్ పెన్నులన్నీ పాత డబ్బాలో వేసి అటకెక్కించమన్నారు. కాగితాలన్నీ పేపర్లవాడికి వేసెయ్యమన్నారు. నిన్న డాక్టర్‌తో ఏవన్నారో తెలుసా? నా బుర్రకి విషం ఎక్కిపోయిందండీ, ఇంక మీరు కష్టపడకండి అన్నారు."

"ఎందుకలా అన్నారాంటీ? బాగానే మాట్లాడుతున్నారు కదా."

"నేనూ అదే అడిగాను. అడిగితే ఏడ్చారమ్మా. పెళ్ళై నలభై ఎనిమిదేళ్ళు, ఆయన ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు. 'రెండు నెలల్నించీ నాకు పన్నెండోది కనిపిస్తోంది సూర్యా. ఎలా చేసినా వస్తోంది. ఎవరికీ చెప్పకుండా, జోస్నాని పద్నాలుగో పేజీ చూశావా అని అడిగాను. చూశాను, సరిగ్గానే ఉందంది. ఆ పిల్ల లెక్క తప్పదు. అంటే నాకే లేనివి కనిపిస్తున్నాయి. డాక్టర్ చెప్పిన రోజు వచ్చేసింది' అన్నారు. నువ్వొచ్చి వెళ్ళిన ఆ శనివారం నించీ పెన్ను ముట్టుకోలేదు. నువ్వు చూసి లేదన్నావట కదమ్మా?"

ఆ కాగితాలు ఎక్కడున్నాయాంటీ అన్నాను.

ఆంటీ కాగితాల్ని పేపర్లవాడికి వేయలేదు. బియ్యం డబ్బా వెనక దాచారు. రక్తపరీక్ష రిపోర్టుల వెనకవైపున రాసుకున్నారు సార్. అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. పైన తేదీ డిసెంబర్ 28. నా కన్నా తొమ్మిది రోజుల ముందు. నేను నాలుగు పేజీల్లో చేసింది ఆయన పన్నెండు వరసల్లో చేశారు. λ ఒకటి. పదం పోదు. బ్రాకెట్లన్నీ సరిపోతాయి. మిగతా పదకొండింటిలో దేనికీ ఇది సమానం కాదని చివరి రెండు వరసల్లో తేల్చేశారు. ఎక్కడా ఒక్క తప్పు లేదు. ఆ చావుబతుకుల మధ్య, ఆ పొట్టతో, తను ముప్పై ఆరేళ్ళ కింద చేసిన తప్పుని తనే పట్టుకున్నారు. ఆయన బుర్రకి ఏమీ కాలేదు. నేను లేదన్నాను కాబట్టి ఆయన తన బుర్రని వదిలేశారు.

ఆ కింద ఇంకో కాగితం. అదే లెక్క మళ్ళీ. ఆ కింద మళ్ళీ. ఏడుసార్లు చేశారు. ఏడోది ఫిబ్రవరి 8 పొద్దున.

నేను ఆయన ఆరోగ్యం కోసం చెప్పలేదని రాసుకున్నాను. ఈ డైరీలోనే ఎన్నిసార్లు రాసుకున్నానో వెనక్కి తిప్పి చూశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను. నా రెండు అధ్యాయాల కోసం చెప్పలేదు. మార్చి 31 కోసం చెప్పలేదు. అంతే ఉంది.

సార్ నిద్ర లేచేదాకా ఉండాల్సింది. నాలుగింటి బ్యాచ్ ఉందని వచ్చేశాను. బ్యాచ్ ఉన్నది నిజమే. భయం కూడా నిజమే. రేపు పొద్దున్నే వెళ్తాను.

మార్చి 2, ఆదివారం

చర్చికి పోలేదు. తొమ్మిదికల్లా సైదాబాద్‌లో ఉన్నాను.

సార్ దిళ్ళకి ఆనుకుని కూర్చున్నారు. రాత్రి వాంతులయ్యాయట. తెల్లారాక కొంచెం నయమని ఆంటీ చెప్పి, ఆయనకి జావ కాచడానికి వెళ్ళారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. వచ్చేటప్పుడు ఆటోలో ఎన్నో మాటలు పేర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు.

"సార్, పన్నెండోది ఉంది."

ఆయన నా వైపు తిరిగారు. మెల్లగా నవ్వారు.

"సూర్య చెప్పిందా?"

"చెప్పారు సార్. కానీ ఆంటీ చెప్పారని అనట్లేదు. నిజంగానే ఉంది. మీరు చేసిందంతా కరెక్టు. నాకూ జనవరి ఆరున దొరికింది."

"మరి అడిగితే లేదన్నావుగా."

"అబద్ధం చెప్పాను సార్."

"నువ్వా?" సార్ నవ్వు పెద్దదైంది. "ఒక్క మైనస్ గుర్తు దగ్గర కూడా నాతో రాజీపడని పిల్లవి నువ్వు. ఆరేళ్ళు నా ప్రాణం తోడేశావు. నువ్వు అబద్ధం చెప్పడమేంటమ్మాయ్."

"నిజం సార్. థీసిస్ పోతుందని చెప్పలేదు. ఇదిగో, నా లెక్క చూడండి."

నా నాలుగు పేజీలూ, ఆయన పన్నెండు వరసలూ పక్కపక్కన దుప్పటి మీద పరిచాను. ఆయనకి కళ్ళజోడు పెట్టాను. వేలు పెట్టి చూపించాను. మొదటి వరస చదివారు. రెండోది చదివారు. మూడో వరస దగ్గర ఆయన వేలు ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళారు. మళ్ళీ మూడో దగ్గర ఆగారు.

"ఇదేంటమ్మా?" అన్నారు, λ మీద వేలు పెట్టి.

నేను చెప్పాను. తలూపారు. ఇంకో నిమిషానికి మళ్ళీ అడిగారు. మూడు వారాల కింద ఇదే లెక్క ఏడుసార్లు చేసిన మనిషి.

"బాగుంది తల్లీ. చాలా బాగా చేశావు" అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. బలపం పట్టిన పిల్లలతో మాట్లాడే గొంతు అది.

"సార్, బాగుందనొద్దు. కరెక్టా కాదా చెప్పండి. మీరే కనుక్కున్నారు దీన్ని. మీ బుర్రకేం కాలేదు. నేను మోసం చేశాను మిమ్మల్ని, వినండి సార్!"

అరిచినట్టున్నాను. ఆంటీ పరుగున వచ్చారు. సార్ నా తల మీద చెయ్యి వేసి నిమురుతున్నారు, నన్నే ఊరుకోబెడుతున్నారు. "సర్లే, ఉందిలే, ఉందిలే" అంటున్నారు. ఆంటీ నన్ను భుజం పట్టి ఇవతలికి తీసుకొచ్చారు. "ఆయన్ని అలసిపోనివ్వకమ్మా. నీ ప్రేమ నాకు తెలుసు" అన్నారు.

మూడు వారాల ముందు చెప్పుంటే చదివేవారు. ఎనిమిదో తేదీన చెప్పుంటే చదివేవారు. ఆయన అడిగారు కదా. నోరు తెరిచి అడిగారు.

మార్చి 6, గురువారం

పొద్దున ఏడున్నరకి సార్ పోయారు.

మార్చి 8, శనివారం

దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసు అవ్వగానే కాళ్ళు షేర్ ఆటో దగ్గరికి నడిచాయి. "సైదాబాదా మేడమ్?" అన్నాడు ఆటో అతను. ఆరేళ్ళుగా చూస్తున్నాడు. ఎక్కి, సగం దూరంలో దిగి నడిచి వెనక్కి వచ్చాను.

మార్చి 10, సోమవారం

అమ్మకి మొత్తం చెప్పాను. చెప్పానన్నది అబద్ధమని కూడా చెప్పాను. నా మీద కేకలేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది.

అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత లేచింది.

"లే. మొకం కడుక్కో. సారుకు చెప్పేటందుకు ఇంక లేదు. గా అచ్చేసినోళ్ళకు చెప్పు. ఆయన పేరు మీద చెప్పు, నీ పేరు మీద గాదు."

మార్చి 14, శుక్రవారం

వెంకటేశ్వరరావు గారిని కలిసి, ఈ నెలాఖరుకి థీసిస్ ఇవ్వడం లేదని చెప్పాను. ఆయన చెడ్డవారేం కాదు. "ఫుట్‌నోట్‌లో పెట్టెయ్ జోస్నా. ఎవరు చూస్తారమ్మా పద్నాలుగో పేజీ?" అన్నారు. ఒకరు చూశారు సార్ అన్నాను.

పత్రికకి దిద్దుబాటు పంపాను. ఒకటిన్నర పేజీ. సార్ రాసిన పన్నెండు వరసలే, ఒక్క గుర్తు కూడా మార్చలేదు. ఈ లోపాన్ని గుర్తించి, పన్నెండో రకాన్ని కనుక్కున్నది పట్టాభి గారే, డిసెంబర్ 28న, అని రాశాను. రక్తపరీక్ష రిపోర్టుల ఫోటోలు జత చేశాను. నాది పంపినవారి పేరు మాత్రమే.

ఇది ఎప్పటికి అచ్చవుతుందో తెలీదు. అచ్చయినా చూసుకునే మనిషి లేరు.

మార్చి 20, గురువారం

కర్మలన్నీ అయ్యాక ఆంటీ రమ్మని ఫోన్ చేశారు. బంధువులంతా వెళ్ళిపోయారు. గది ఊడ్చి, మంచం తీసేశారు. ఆవిడ నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. నేనూ పక్కన కూర్చున్నాను.

"జోస్నా, నాకు మీ లెక్కలు రావు. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ ఆదివారం ఆయనతో పన్నెండోది ఉందన్నావే. అది నిజమేనా, ఆయన మనసు కోసం అన్నావా?"

"నిజమే ఆంటీ. సార్ కనుక్కున్నారు. పత్రికకి కూడా పంపాను."

ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"అయ్యో, ఆయన నమ్మలేదే తల్లీ. నువ్వెళ్ళాక నవ్వుకున్నారు. 'చూశావా సూర్యా, అబద్ధమంటే ఏంటో తెలీని పిల్ల, నా కోసం అబద్ధమాడటం నేర్చుకుంది. నేనంటే ఎంత ప్రేమో దానికి. దాన్నేవీ అనకు' అన్నారు. ఆ రోజంతా అదే తల్చుకున్నారు. జావ కూడా పూర్తిగా తాగారు."

నేను ఏడుస్తున్నాను. ఆంటీ నా తలని తన ఒళ్ళోకి తీసుకున్నారు. చెయ్యి వేసి నిమురుతున్నారు.

"ఊరుకో. నీ తప్పేవుంది? ముందు ఆయన అడిగినప్పుడు నువ్వు చూసింది పొరపాటై ఉంటుంది. లెక్కలో పొరపాటు ఎవరికి రాదు? ఆయనకే వచ్చింది కదా. పొరపాటేగా అమ్మా?"

అవునంటే సరిపోయేది. అవునంటే ఆ చెయ్యి అక్కడే ఉండేది. ఈ ఇంటికి మళ్ళీ రావచ్చు, శనివారాలు ఆవిడ దగ్గర కూర్చోవచ్చు. ఆవిడకి మిగిలింది కూడా ఆ ఒక్క మాటే, తన భర్తని కూతురిలా ప్రేమించిన పిల్ల ఒకతె ఉందని.

"పొరపాటు కాదు ఆంటీ. ఆయన అడిగిన రోజుకి నాకు నెల ముందే తెలుసు. నా థీసిస్ పోతుందని లేదన్నాను."

నెమ్మదిగానే చెప్పాను. ఆపకుండా చివరిదాకా చెప్పాను. మొదలుపెట్టినప్పుడు ఆవిడ చెయ్యి నా తల మీద ఉంది. చెప్పడం పూర్తయ్యేసరికి లేదు.

ఆంటీ ఎదురుగా, మంచం తీసేసిన చోట నేల మీద పడిన నాలుగు మంచంకోళ్ళ మరకల్ని చూస్తున్నారు. తర్వాత, "వెళ్ళిరా అమ్మా, ఎండెక్కుతోంది" అన్నారు. రమ్మని అన్నారో, అలవాటు కొద్దీ అన్నారో తెలీలేదు. మెట్లు దిగుతుంటే లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.